ఆఫీసుకి తాళం వేశాక నా మెయిల్లోకి లాగిన్ అవుతున్నదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చిక్కడపల్లిలో 20 ఏళ్ల పైనుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే పని చేసుకుంటున్నా. చిన్న ఆఫీసు, ఇద్దరు అసిస్టెంట్లు, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాదు, పేపర్లకి ఉత్తరాలు రాసే అలవాటు కూడా లేదు. కానీ పోయిన సీజన్లో మా ఆఫీసులో జరిగింది చెప్పకుండా ఉండలేకపోతున్నా, ఎందుకంటే ఇది నా ఒక్కడి సంగతి కాదు, హైదరాబాద్‌లో ఆడిటర్ ఆఫీసులు, లాయర్ ఆఫీసులు, డాక్టర్ల క్లినిక్‌లు, ప్రింటింగ్ ప్రెస్‌లు ఎన్ని ఉన్నాయో అన్నిట్లో ఇదే జరుగుతూ ఉండొచ్చు, వాళ్లకి తెలిసి కూడా ఉండదు.

2025 సెప్టెంబర్ మొదటి వారం. ఆ ఏడాది రిటర్నుల గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొడిగించారు గదా, ఆ హడావుడిలో ఉన్నాం. పొద్దున వచ్చి చూస్తే మెయిల్ రావట్లేదు, పోవట్లేదు. మా మెయిల్ సొంత డొమైన్ మీద, అంటే సొంత ఇంటర్నెట్ అడ్రస్ మీద ఉంటుంది, అమీర్‌పేట వైపు చిన్న హోస్టింగ్ షాపు (మెయిల్ సర్వర్ అద్దెకిచ్చే షాపు) నడిపే కుర్రాడు చూసుకుంటాడు. ఫోన్ చేస్తే "సార్, నేనే లాక్ చేసిన. మీ పాస్‌వర్డ్ ఎవరికో పోయినట్టుంది, రాత్రిపూట కూడా లాగిన్లు పడుతున్నయ్, ఐపీ, అంటే లాగిన్ అయిన కంప్యూటర్ ఇంటర్నెట్ నంబర్, చూస్తే మన దేశంది కూడా కాదు" అన్నాడు. గుండె ఝల్లుమంది.

ఎప్పుడెప్పుడు లాగిన్ అయ్యారో రాసి ఉండే లిస్టుని లాగ్ అంటారు, దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రాత్రి 11.42, 12.10, 1.25, 2.37, ఇట్లా తెల్లారేదాకా ఉన్నాయి. ఆ టైముకి మా షట్టర్ దించి ఉంది, మెయిన్ స్విచ్ కూడా ఆఫ్, పోతూపోతూ మెయిన్ ఆఫ్ చెయ్యడం నాకు మొదటినుంచీ అలవాటు. అంటే మూడు కంప్యూటర్లూ ఆగిపోయి ఉన్నాయి, అయినా నా యూజర్‌నేమ్‌తో, నా పాస్‌వర్డ్‌తో ఎవరో లోపలికి వెళ్తున్నారు, వస్తున్నారు. ఇక ఆ పూటంతా పని ఆగిపోయింది, యాంటీవైరస్ పెట్టి మూడు సిస్టమ్‌లూ స్కాన్ చేశాం, ఏమీ దొరకలేదు, మా అసిస్టెంట్ అమ్మాయిని "పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా" అని అడిగాను, ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లుగా నా దగ్గర నమ్మకంగా పనిచేస్తున్న పిల్లని ఆ మాట అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సాయంత్రానికి హోస్టింగ్ కుర్రాడే మళ్లీ ఫోన్ చేశాడు, ఆ ఐపీ అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో చూశాడట. దొంగ కాదు. మేము వాడుతున్న మెయిల్ యాప్ తయారుచేసిన కంపెనీ సర్వరే. జూలై చివర్లో ఒకరోజు "పాత మెయిల్ ప్రోగ్రామ్ ఇక ఉండదు, కొత్తదానికి మారండి" అని స్క్రీన్ మీద వచ్చింది, మా అమ్మాయి నన్ను అడిగింది, నేనే మార్చెయ్యమన్నాను, పాస్‌వర్డ్ అడిగితే కొట్టింది, ఇంగ్లీషులో నాలుగు లైన్ల మెసేజ్ వస్తే కంటిన్యూ నొక్కింది. క్లయింట్ ఎదురుగా కూర్చుని ఉండగా ఎవరైనా అదే చేస్తారు.

ఆ యాప్ ఏ కంపెనీదో ఇక్కడ రాయను. ఇట్లా పనిచేసేవి ఒకటి కాదు, పేరు రాస్తే గొడవ ఆ పేరు మీదికి పోతుంది, అసలు విషయం పక్కకి పోతుంది.

అసలు విషయం నాకు అర్థమైనంతలో చెప్తా. పాత పద్ధతిలో మెయిల్ ప్రోగ్రామ్ అంటే మన కంప్యూటర్లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్, అంతే. అది ఐమాప్ అనో పాప్ అనో పిలిచే పద్ధతిలో నేరుగా మన మెయిల్ సర్వర్‌తో మాట్లాడుతుంది, కొత్త మెయిల్స్ తెచ్చి మన హార్డ్‌డిస్క్‌లో పెడుతుంది, పాస్‌వర్డ్ కూడా మన కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకి మన మెయిల్‌తో ఏ సంబంధమూ ఉండదు. పెన్ను అమ్మిన షాపువాడికి మనం ఆ పెన్నుతో ఏం రాస్తున్నామో తెలియదు గదా, అట్లా. కొత్త పద్ధతిలో అట్లా కాదు. మనం కొట్టిన పాస్‌వర్డ్ ఆ కంపెనీ సర్వర్‌కి పోతుంది, ఆ సర్వరే మన పేరుతో మన మెయిల్ సర్వర్లోకి లాగిన్ అయి మెయిల్స్, కాంటాక్టులు, క్యాలెండర్ కాపీ చేసుకుని తన దగ్గర పెట్టుకుంటుంది, మన కంప్యూటర్లో కనిపించేది ఆ కాపీ. జీమెయిల్, యాహూ లాంటి వాటికైతే పాస్‌వర్డ్ బదులు టోకెన్ అని ఒకటి, లోపలికి రానిచ్చే పాస్ లాంటిది, ఆ యాప్ కంపెనీకి ఇస్తారు, అది కొంచెం నయం, పాస్‌వర్డ్ మార్చకుండానే దాన్ని రద్దు చెయ్యొచ్చు, కానీ టోకెన్ ఉన్నంతకాలం మెయిల్ మొత్తం చదవొచ్చు, ఆ విషయంలో తేడా లేదు. అందుకే మా కంప్యూటర్లు ఆఫ్‌లో ఉన్నా లాగిన్లు ఆగలేదు. లాగిన్ అవుతున్నది మేము కాదు గదా.

ఇందులో రహస్యమేమీ లేదు, బయట అందరికీ తెలిసిన విషయమే, మన దగ్గరే ఎవరూ మాట్లాడలేదు. 2023 నవంబర్‌లో జర్మనీలో సీటీ అనే కంప్యూటర్ పత్రికవాళ్లు మైక్రోసాఫ్ట్ మెయిల్ యాప్ అయిన కొత్త అవుట్‌లుక్‌ని పరీక్షించి, వేరే కంపెనీ మెయిల్ అకౌంట్ పెట్టినప్పుడు ఐమాప్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్ సర్వర్లకి పోతున్నాయని రాశారు. అప్పటి అక్కడి ఫెడరల్ డేటా రక్షణ కమిషనర్ ఉల్రిచ్ కెల్బర్ ఇది ఆందోళన కలిగించే విషయమని బహిరంగంగా అన్నారు. మైక్రోసాఫ్ట్ కూడా దాచలేదు, మీ మెయిల్, క్యాలెండర్, కాంటాక్టుల కాపీ మా డేటా సెంటర్లతో సింక్ అవుతుందని వాళ్ల సపోర్ట్ పేజీలోనే రాసి ఉంది, సెర్చ్ లాంటి సౌకర్యాలు ఇవ్వాలంటే ఇట్లా చెయ్యాలి అని కారణం చెప్పారు. ఇది అప్పుడే కొత్తగా పుట్టింది కూడా కాదు. మైక్రోసాఫ్ట్ 2014 చివర్లో అకంప్లీ అనే చిన్న కంపెనీని కొని దాని ఫోన్ యాప్‌కి అవుట్‌లుక్ అని పేరు పెట్టింది, అదీ పాస్‌వర్డ్‌ని క్లౌడ్‌లో పెట్టుకునేది, ఆ కారణంతో 2015 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటువాళ్లు తమ దగ్గర దాన్ని బ్లాక్ చేశారు. అప్పుడు ఫోన్‌లో ఉన్న పద్ధతి ఇప్పుడు టేబుల్ మీది కంప్యూటర్‌కి వచ్చింది. విండోస్‌తో ఉచితంగా వచ్చే పాత మెయిల్ యాప్‌కి 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేశారు, 2025 ఫిబ్రవరి నుంచి విండోస్ 10 సిస్టమ్‌లకి సెక్యూరిటీ అప్‌డేట్‌తో పాటే కొత్త అవుట్‌లుక్ వచ్చి కూర్చుంది. డబ్బు కట్టనివాళ్లకి ఇన్‌బాక్స్‌లోనే యాడ్‌లు. డబ్బు కట్టి వాడే పాత క్లాసిక్ అవుట్‌లుక్‌కి కనీసం 2029 దాకా సపోర్ట్ ఉంటుందన్నారు, ఆ తర్వాత సంగతి వేరే.

ఇదంతా చదివాక నాకు ఒక్కటే అనిపించింది, మార్చుకునే స్వేచ్ఛ వాళ్లకి ఉంది, వద్దనే స్వేచ్ఛ మాకేది?

పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఏంటో నాకు బాగా తెలుసు. మా పనిలో క్లయింట్లు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్ మాకు ఇస్తారు, ఇవ్వకపోతే పని జరగదు. మా బీరువాలో ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది, 2009 నుంచి అందులో రాస్తున్నా, ఒక్కో పేజీలో ఒక్కో ఇంటి పేరు, పక్కన పాన్ నంబర్, పాస్‌వర్డ్. బీరువా తాళం నా దగ్గరే, నేను ఊరెళ్తే మా ఇంట్లో. ఆ బుక్ ఇంతవరకు ఆఫీసు గడప దాటలేదు, ఎవరికైనా ఫొటో తీసి పంపమంటే పంపలేదు. ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని నా మొహం చూసి నమ్మి ఇచ్చింది అది. ఇంత జాగ్రత్తగా ఉన్న నేను కంటిన్యూ బటన్‌తో మెయిల్ మొత్తం ఎక్కడో ఉన్న మూడో మనిషి చేతిలో పెట్టేశాను, నాకు బాధ కలిగింది అందుకు.

మెయిల్లో ఏముంటాయో కూడా చెప్పాలి. ఫారం 16, జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇంటి లోన్ కాగితాలు, సేల్ డీడ్ స్కాన్‌లు, కొందరివి హాస్పిటల్ బిల్లులు, ఆధార్ రెండు వైపులా. "పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది గదా సార్, ఏమైతది" అన్నాడు మా రెండో అసిస్టెంట్. ఏఐఎస్ అని పోర్టల్ నుంచి దిగే స్టేట్‌మెంట్ ఉంది, మనిషికి ఆ ఏడాది వచ్చిన వడ్డీ, డివిడెండ్, అమ్మిన షేర్లు, ఇట్లా రిపోర్ట్ అయినవన్నీ అందులో ఉంటాయి, దాని పాస్‌వర్డ్ ఏంటంటే పాన్ నంబర్ చిన్న అక్షరాల్లో, పక్కన పుట్టిన తేదీ, పోర్టల్లోనే రాసి ఉంటుంది. ఆ పాన్ కార్డు స్కాన్ అదే మెయిల్లో ఉంటుంది, పుట్టిన తేదీ పాన్ కార్డు మీదే ఉంటుంది. ఒక్కో కాగితం విడిగా పోతే ఏమీ కాకపోవచ్చు, కానీ పెట్టె మొత్తం ఒక్కచోట కాపీ అయితే తాళమూ తాళంచెవీ కలిసి పోయినట్టే.

"మెయిల్ ఎట్లాగూ ఏదో ఒక సర్వర్లోనే ఉంటుంది గదా, నీ కంప్యూటర్లో మాత్రమే ఉండేదేముంది" అని నా ఫ్రెండ్ ఒకాయన, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, గట్టిగానే వాదించాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. మెయిల్ సర్వర్ లేకుండా మెయిల్ లేదు, నేను జీమెయిల్ వాడితే గూగుల్ దగ్గర ఉంటుంది, హోస్టింగ్ షాపులో పెడితే ఆ షాపు దగ్గర ఉంటుంది. కానీ ఆ ఒక్కచోటు నేను ఎంచుకున్నది, ఏడాదికి బిల్లు కడుతున్నా, కుర్రాడి ఫోన్ నంబర్ నా దగ్గరుంది, తేడా వస్తే వెళ్లి షాపులో కూర్చుని అడగగలను. రెండోచోటు నేను ఎంచుకోలేదు. ఒకచోట ఉన్నది రెండుచోట్ల ఉంటే లీక్ అవడానికి రెండు దారులు. పెద్ద కంపెనీల దగ్గర సెక్యూరిటీ బాగుంటుంది అంటారు, మామూలుగా నిజమే, మా హోస్టింగ్ షాపుకంటే వందరెట్లు బాగానే ఉంటుంది, అయినా 2023లో చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్‌కి చెందిన ఒక సైనింగ్ కీ (టోకెన్ అసలుదే అని ముద్ర వేసే రహస్య కోడ్) సంపాదించి దాంతో దొంగ టోకెన్లు తయారుచేసి అమెరికా విదేశాంగ శాఖ మెయిల్స్‌లోకే దూరారు, సుమారు 60,000 మెయిల్స్ పోయాయి, ఇది ఆపగలిగిన ప్రమాదమే అని 2024లో అమెరికా ప్రభుత్వం వేసిన బోర్డే తేల్చింది. పెద్ద గోదాము కాబట్టే పెద్ద దొంగలు అక్కడికి వస్తారు. మా చిక్కడపల్లి షట్టర్ కోసం చైనా నుంచి ఎవరూ రారు.

క్లౌడ్ వల్ల లాభం లేదని నేను అనను. 2016లో నా హార్డ్‌డిస్క్ పోయింది, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రికవరీ చేసేవాడి దగ్గర నాలుగు రోజులు కూర్చున్నా, సగమే వచ్చింది. అప్పుడు ఎక్కడో ఒక కాపీ ఉండుంటే ఎంత బాగుండేదో. ఇష్టపడి, తెలిసి, డబ్బు కట్టి పెట్టుకునే బ్యాకప్ వేరు, చెప్పీచెప్పకుండా తీసుకెళ్లే కాపీ వేరు, నా గొడవంతా ఈ రెండోదాని గురించే.

ప్రైవసీ సంగతి పక్కన పెట్టినా, పని జరగాలి గదా, అదీ జరగలేదు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత సిటీ అంతా కరెంటు స్తంభాల మీది ఇంటర్నెట్, టీవీ కేబుళ్లు కోసి తీసేశారు. తియ్యాల్సిందే, మనిషి ప్రాణం కంటే నెట్ ఎక్కువ కాదు. మా వీధిలో రెండున్నర రోజులు ఇంటర్నెట్ లేదు. మామూలుగా అయితే నెట్ పోతే మాకు పని ఆగదు, కొత్త మెయిల్స్ రావు అంతే, వచ్చినవి ఓపెన్ చేసుకుని పన్ను లెక్కల షీట్లు తయారుచేసి పెట్టుకుంటాం, నెట్ రాగానే అప్‌లోడ్ చేస్తాం. ఈసారి అట్లా కుదర్లేదు. కొత్త యాప్ ఓపెన్ చేస్తే ఈమధ్య వారం రోజుల మెయిల్స్ మాత్రం లిస్టులో కనిపిస్తున్నాయి, లోపలున్న ఫైల్ నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది, పాతవి వెతికితే కనెక్షన్ లేదంటోంది. ఒక క్లయింట్, బాగ్‌లింగంపల్లి నుంచి ఆటోలో వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ, ఎదురుగా కూర్చుని ఉంది, "నెల కిందే పంపించాను గదా నాయనా, నీ కంప్యూటర్లోనే ఉండాలి గదా" అంటోంది. ఉండాలి. నిజంగానే ఉండాలి. ఆమెకి ఏం చెప్పాలో తెలియక నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ప్రయత్నించాను, అందరూ ఫోన్‌ల మీదే పడ్డారేమో సిగ్నల్ కూడా ఈడ్చుకుంటూనే ఉంది, చివరికి ఆమెని రేపు రమ్మని పంపించాల్సి వచ్చింది, 70 ఏళ్ల మనిషిని.

ఇంకా చిన్న చిన్నవి. డెస్క్‌టాప్ మీది ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి మెయిల్ పంపేవాళ్లం, పోయింది. 2011 నుంచి పాత మెయిల్స్ దాచుకునే ఆర్కైవ్ ఫైల్ ఏడాదికొకటి చేసి పెట్టుకున్నా, కొత్త యాప్ వాటిని తీసుకోలేదు, పాత నోటీసు వస్తే పాత మెయిలే సాక్ష్యం మాకు, ఏడేళ్ల కింద ఎవరు ఏ రోజు ఏం పంపారో తీసి చూపించాల్సి వస్తుంది. వీటికి ఒక్కోదానికి ఏదో దారి ఉండే ఉంటుంది, కానీ సీజన్లో ఆ దారి వెతుకుతూ కూర్చోలేం.

నెట్ ఉంటే అన్నీ బాగుంటాయనుకోవడం కూడా సరికాదు. 2025 జూలైలో నయారా ఎనర్జీకి ఏం జరిగిందో పేపర్లలోనే చదివాం. యూరోపియన్ యూనియన్ ఆ కంపెనీ మీద ఆంక్షలు పెట్టిందని దాని మెయిల్, టీమ్స్ (ఆఫీసు మీటింగులు, మెసేజ్‌ల యాప్) సర్వీసుల్ని మైక్రోసాఫ్ట్ ఆపేసింది, మన దేశంలో రిఫైనరీ, పెట్రోల్ బంకులు నడిపే కంపెనీ, డబ్బు కట్టి వాడుతున్నవాళ్లు, తమ సొంత డేటా తమకే అందట్లేదని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, ఆ తర్వాత మళ్లీ ఇచ్చారు. వాళ్లకి లాయర్లున్నారు, కోర్టుకెళ్లారు. నా అకౌంట్‌ని ఏదో కంప్యూటర్ పొరపాటున ఆపేస్తే సెప్టెంబర్ 15 లోపల నేను ఏ కోర్టుకి పోవాలి? మెయిల్స్ నా హార్డ్‌డిస్క్‌లో ఉంటే కనీసం పాతవైనా చేతిలో ఉంటాయి.

ఇక చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు కలిసి ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన వాటికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టం ఇంటర్నెట్‌లో దింపుకుని చదివాను. అందులో సమ్మతి ఎట్లా ఉండాలో రాసి ఉంది, స్వేచ్ఛగా, ఫలానా పనికి అని, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టంగా ఇచ్చింది అయ్యుండాలి, ఆ పనికి అవసరమైన డేటా వరకే అయ్యుండాలి. ఇంకో మాట నన్ను ఆపేసింది, ఆ నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం మనిషికి ఇవ్వాలట. ఎనిమిదో షెడ్యూల్లో తెలుగు ఉంది. మరి మా అమ్మాయి కంటిన్యూ నొక్కినరోజు ఆ నాలుగు లైన్లు తెలుగులో ఉండి, "మీ పాస్‌వర్డ్ మా సర్వర్‌కి వస్తుంది, మీ మెయిల్స్ అన్నీ మేము కాపీ చేసుకుంటాం, మీ కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా చేసుకుంటాం" అని ఉండుంటే ఆ అమ్మాయి నొక్కేదా? చచ్చినా నొక్కేది కాదు, నన్ను పిలిచేది. వద్దు అనే బటన్ కూడా పక్కనే ఉండాలి, వద్దంటే మెయిల్ యాప్ పాత పద్ధతిలో పనిచెయ్యాలి, వద్దంటే అసలు మెయిలే లేదు అంటే అది అడగడం కాదు గదా.

ఇందులో నా మీద కూడా బాధ్యత ఉంది, అది దాటవెయ్యను. ఆ చట్టం లెక్కన మా క్లయింట్ల డేటాకి నేనే జవాబుదారీ, డేటా వాళ్లది, నమ్మి ఇచ్చింది నాకు, యాప్ కంపెనీకి కాదు. కాబట్టి నేను చెయ్యాల్సింది చేశాను. హోస్టింగ్ కుర్రాడు మా ఆఫీసుకొచ్చి మధ్యాహ్నమంతా కూర్చుని మూడు సిస్టమ్‌లలో థండర్‌బర్డ్ పెట్టాడు, 2004 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రామ్ అది, నేరుగా మన సర్వర్‌తోనే మాట్లాడుతుంది, మెయిల్స్ మన కంప్యూటర్లో దాచుకుంటుంది. చూడ్డానికి కొత్తగా ఉంది, రెండు వారాల్లో అలవాటైంది. ముఖ్యమైన మాట ఒకటి, ఎవరికైనా ఇదే పరిస్థితి వస్తే యాప్ తీసేస్తే సరిపోతుందనుకోవద్దు, కంప్యూటర్లోంచి తీసేసిన తర్వాత కూడా ఆ రాత్రి లాగ్‌లో లాగిన్ పడింది, మెయిల్ పాస్‌వర్డ్ మార్చాకే ఆగింది. జీమెయిల్ వాడేవాళ్లు గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కిందికి వెళ్లి ఏయే యాప్‌లకి అనుమతి ఉందో చూసి అక్కర్లేనివి తీసెయ్యాలి. ప్రతి శనివారం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసి అదే బీరువాలో పెడుతున్నా.

ఎడిటర్ గారూ, మీ పేపర్లో టెక్నాలజీ పేజీ వస్తుంది గదా, కొత్త ఫోన్ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్‌లో ప్రతివారం ఉంటుంది, ఒక్కవారం ఈ విషయం బొమ్మ గీసి మరీ రాయించండి, పాస్‌వర్డ్ ఇక్కణ్నుంచి ఇక్కడికి పోతుంది అని బాణం గుర్తులు పెట్టి. మా లాంటి చిన్న ఆఫీసులవాళ్లు అది కట్ చేసి గోడకి అంటించుకుంటారు.

ఇంకో విన్నపం మన పిల్లలకి. మైక్రోసాఫ్ట్ 1998లోనే మన హైదరాబాద్‌కి వచ్చింది, ఆ తర్వాత ఎన్ని కంపెనీలు వచ్చాయో లెక్కలేదు, గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో కూర్చుని ప్రపంచం వాడే సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాళ్లలో మా కాలనీ పిల్లలున్నారు, మా క్లయింట్లూ ఉన్నారు, ఏటా వాళ్ల రిటర్ను నేనే వేస్తా. బాబూ, అమ్మా, మీ మీటింగుల్లో ఈ మాట ఒక్కసారి ఎత్తండి. ఆ కంటిన్యూ బటన్ పక్కన ఇంకో బటన్ పెట్టడానికి మీకు ఎన్నిరోజులు పడుతుంది? మీ అమ్మానాన్నల బ్యాంక్ స్టేట్‌మెంట్లు కూడా మా లాంటివాళ్ల మెయిల్లోనే ఉన్నాయి.

జరిగింది దాచకుండా మా క్లయింట్లందరికీ తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసి పంపాను. కొందరు పట్టించుకోలేదు, ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారు, కోప్పడే హక్కు వాళ్లకుంది. చింతల్‌లో ఉండే ఒక రిటైర్డ్ పెద్దాయన మాత్రం ఉత్తరం చేతిలో పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు, కుర్చీలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చదివి "అయితే నేను పంపిన పెన్షన్ ఫారం 16 ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగాడు. మా డిస్క్‌లో ఉంది, మా సర్వర్లో ఉంది, అది చూపించాను. ఆ యాప్ కంపెనీకి మా కాపీలు తీసెయ్యండి, తీసేసినట్టు రాసివ్వండి అని మెయిల్ పెట్టాను, మీ రిక్వెస్ట్ అందింది అని జవాబొచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు. ఆయన వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. ఈ ఆదివారం కూడా చేశాడు.

ఇట్లు,
ఒక ట్యాక్స్ కన్సల్టెంట్,
చిక్కడపల్లి, హైదరాబాద్.